నా చావుకు నేనే దుబాసీ

అది కాదన్నా, ఆ కుండ నేను పగలగొట్టానా? నువ్వే చెప్పు. నీకు తొమ్మిదేళ్ళప్పుడు నువ్వు పగలగొట్టిన కుండ అది. అప్పటికి నాకు ఏడేళ్ళు. పెద్ద ఏటికి అవతల, వేరే భాషలో, వేరే తల్లి దగ్గర తన్నులు తింటున్నాను. నేను పగలగొట్టిన కుండలు అక్కడ వేరే ఉన్నాయి. వాటికి పడాల్సినవి అక్కడే పడ్డాయి.

మీ అమ్మ ఒప్పుకుంటుందా? పొద్దున్నే మొదలెట్టింది. "కొత్త కుండరా, ముట్టుకోకు. నీ చేతుల సంగతి నాకు చిన్నప్పట్నుంచీ తెలుసు" అని. చిన్నప్పట్నుంచీ అట! నన్ను చూసిందే పన్నెండేళ్ళ కిందట!

సరేలే. ముందు ఇది తిను. మొక్కజొన్న జావ. చిక్కుడు గింజలు వేసింది, పైన కాస్త ఎలుగుబంటి కొవ్వు. ఆకుల కింద దాచి తెచ్చాను. ఇంటి కప్పుకి బెరడు ఒలుచుకొస్తానని చెప్పి బయటపడ్డాను.

దాచడం ఎందుకంటావా? ఎవరైనా చూస్తే ఏం చెప్పను? మన ఊరి లెక్కలో నువ్వు చచ్చిపోలేదు కదన్నా! తోడేలు వంశం తెకనతోకెన్ చచ్చాడా? ఎక్కడ చచ్చాడు, ఇదిగో, నిక్షేపంలా కూర్చుని మాట్లాడుతున్నాడు. మరి బతికున్నవాడి సమాధికి జావ ఎవరు తెస్తారు? నేను కాబట్టి తెస్తున్నాను.

నిన్ను అన్నా అంటున్నానని ఏమీ అనుకోకు. పేరు పెట్టి పిలిస్తే నన్ను నేనే పిలుచుకున్నట్టు ఉంటుంది. ఒకసారి పిలిచి చూశాను, నేనే "ఆఁ" అన్నాను.

నన్ను తెచ్చేనాటికి నువ్వు పోయి నాలుగు నెలలు. మా మహికన్ తెగవాళ్ళు మీ ఊరి మీద పడి, ఏమీ చేయలేక తిరిగి పోతుంటే, మీ మోహాక్ వాళ్ళు దారి కాచి పట్టుకున్నారు. అందరూ పోరాడుతూ దొరికారు. నేను? ఒక రాయి మీద కూర్చుని అరికాల్లో ముల్లు తీసుకుంటూ దొరికాను. ఈ మాట ఇంతవరకూ ఎవరితోనూ అనలేదు. నువ్వు ఎవరికీ చెప్పవు కాబట్టి చెబుతున్నా.

మెడకి తాడు కట్టి లాక్కొచ్చారు. నా భయం నీకేం తెలుసు! మోహాక్ అనే మాటకే మా భాషలో మనుషుల్ని తినేవాళ్ళని అర్థం. మా మేనమామ పస్కొత్ చిన్నప్పుడు అదే చెప్పి నిద్రపుచ్చేవాడు.

ఇక మీ అమ్మ వచ్చింది. చేతులు పిసికి చూసింది. నోరు తెరిపించి పళ్ళు చూసింది. చెవులు అటూ ఇటూ తిప్పింది. ఏ ముక్క ముందు వండాలో ఎంచుతోంది కాబోలు అనుకున్నాను. ఆఖరికి ఈడ్చి ఒక్కటి కొట్టి, ఏదో అరిచి, చెయ్యి పట్టుకుని మీ వంశమంతా ఉండే పొడుగింట్లోకి లాక్కుపోయింది. అప్పుడు ఒక్క ముక్క అర్థం కాలేదు. భాష వచ్చాక అడిగితే చెప్పారు. "ఎక్కడ తిరిగావురా ఇన్నాళ్ళూ? జావ చల్లారిపోయింది" అందట.

అంతే. పోయిన కొడుకు చోట పట్టుబడినవాణ్ణి పెట్టుకోవడం మీలో ఆనవాయితీ అట. నేను నువ్వైపోయాను!

ఆ తర్వాత చాలా నెలలు కుండలో గరిట పెట్టి వెతికాను అన్నా, నిజం. చిక్కుడు గింజలు, మొక్కజొన్న, గుమ్మడి ముక్కలు. మనిషి వేలు ఒక్కటి తగిలితే ఒట్టు.

కహెంతా సంగతి చెప్పనా? నీ భార్యే, ఉలిక్కిపడకు. తాబేలు వంశం ఇంటి ముందు నన్ను నిలబెట్టి చుట్టూ ఒక్కసారి తిరిగింది. "ఎత్తు తగ్గాడు" అంది. లోపలికి పోయింది. అంతే మాట. ఏడాది తర్వాత నా పక్క మీద కొత్త తోలుచెప్పులు పెట్టింది. ఒప్పుకుందన్నమాట. కొలత మాత్రం నీ కాలిది. ఇప్పటికీ ముందు వైపు గడ్డి కుక్కుకుని తొడుక్కుంటున్నాను. కొలత మార్చమని అడిగే ధైర్యం నాకు లేదు, నీకు ఉండేదా?

నీ తగాదాలు కూడా నాకే వచ్చాయి. నీ కుక్క కరిచిందని ఆ చివరింటి ముసలాయన పన్నెండేళ్ళుగా నాతో మాట్లాడడు. కుక్క పోయింది, నువ్వు పోయావు, ఆయన పిక్క మానింది. నేను మాత్రం ఎదురుపడితే తల దించుకుని పోవాలి!

ఇక మీ భాష! పెదవులు కలపకుండా మాట్లాడే భాష ఎక్కడైనా ఉంటుందా? వచ్చిన కొత్తలో నేను నోరు మూసి తెరిచినప్పుడల్లా పిల్లలు గుంపుగా చేరి, "చేప మాట్లాడుతోంది, చేప మాట్లాడుతోంది" అని చూసేవాళ్ళు. ఏం చేస్తాం, నేర్చుకున్నాను. బాగానే నేర్చుకున్నాను. అదే నా కొంప ముంచింది.

ఎలాగంటావా? చెప్పడానికే కదా వచ్చాను.

ఈ వేసవిలో ఆల్బనీ కోటలో పెద్ద సభ పెట్టారు. ఇంగ్లీషు దొరలు పిలిచారు. మోహాక్ వాళ్ళూ మహికన్ వాళ్ళూ కొట్టుకుంటుంటే అడవిలో ఎవరూ వేటకి పోవట్లేదు, బీవరు తోళ్ళు రావట్లేదు, ఆ డచ్చి వర్తకులంతా ఖాళీ గిడ్డంగుల్లో ఈగలు తోలుకుంటున్నారు. అందుకని దొరలకి శాంతి మీద ప్రేమ పుట్టుకొచ్చింది.

మన ఊరి పెద్దాయన సమావేశంలో అడిగాడు: "మహికన్ భాష ఎవరికి వచ్చు?"

అందరూ నా వైపు తిరిగారు.

"నాకెలా వస్తుంది? నేను తెకనతోకెన్‌ని. ఇక్కడే పుట్టాను" అన్నాను. నవ్వారు చూడు! కప్పు మీది బెరడు ఊడిపడేలా నవ్వారు. పెద్దాయన కళ్ళు తుడుచుకుని, "అవున్లే. అయినా నిద్రలో మాట్లాడతావుగా, ఆ భాషే సభలోనూ మాట్లాడు" అన్నాడు.

మీ అమ్మ మాత్రం నవ్వలేదు. "వాడు వెళ్ళడానికి వీల్లేదు" అంది. ఎందుకంటే చెప్పదు. "అక్కడ తిండి బాగుండదు" అంది. "వాడికి పడవలో కళ్ళు తిరుగుతాయి" అంది. పెద్దాయన ఎంత నచ్చజెప్పినా, ఆడవాళ్ళ మాట కాదని మగాళ్ళు కదిలేది ఉందా మనలో? మూడు రోజులు పట్టింది. ఆఖరికి మీ అమ్మే నా దగ్గరికొచ్చి, నా చెవి పట్టుకుని, "వాళ్ళు నిన్ను అడుగుతారు. పట్టుబడినవాళ్ళని తిరిగి ఇమ్మని అడగడం ఆనవాయితీ. అడిగితే పోతావా?" అంది.

"పోనమ్మా" అన్నాను.

"నేను అడిగింది నీ చెవిని, నోటిని కాదు. నోటి మీద నాకు నమ్మకం లేదు" అని చెవి ఇంకాస్త మెలేసింది.

కోటకి వెళ్ళాం. దొర ఒకడు బల్ల వెనకాల కూర్చున్నాడు. నెత్తి మీద వేరేవాళ్ళ జుట్టు! భుజాల దాకా వంకీలు తిరిగి ఉంది. మన కుర్రకారు మెచ్చుకోలుగా చూసి, "ఎవరిని చంపి తెచ్చావయ్యా, ఇంత ఒత్తుగా ఉంది" అని అడిగారు. దుబాసీగా కూర్చున్న డచ్చి రైతు ఆ మాట ఇంగ్లీషులో చెప్పలేదు. దగ్గాడు.

తర్జుమా ఎలా సాగిందో విను. మహికన్ వాళ్ళ మాట నేను మోహాక్‌లో చెప్పాలి. నా మాట ఆ రైతు డచ్చిలోకి మార్చాలి. దాన్ని ఇంకొకడు ఇంగ్లీషు చేయాలి. అవతలాయన ఒక పూట మాట్లాడితే, నేను అర పూట, రైతు పొగాకు ముట్టించుకునేంత సేపు, ఇంగ్లీషాయన నాలుగు ముక్కలు. ఆఖరికి దొర "మంచిది" అనేవాడు. ఒక మాటు మా వాళ్ళు చచ్చిన యోధుల పేర్లన్నీ చదివారు. దొరదాకా వెళ్ళేసరికి అదీ "మంచిది" అయింది!

మహికన్ వాళ్ళ తరఫున మాట్లాడేది ఎవరనుకున్నావు? మా మేనమామ. పస్కొత్. జుట్టంతా నెరిసింది, గొంతు మాత్రం అదే.  తల దించాను. తర్వాత అనుకున్నాను, ఎందుకు భయం? నా ముఖం నిండా పచ్చబొట్లు. తల సగం గొరిగి ఉంది. ఒళ్ళు అప్పటికి రెండింతలు, మీ అమ్మ జావ పుణ్యమా అని. ఎలా గుర్తుపడతాడు?

పట్టలేదు. రెండు రోజులు ఎదురుగా కూర్చున్నాం. నా వంక చూస్తాడు, మాట చెబుతాడు, నేను తర్జుమా చేస్తాను. పరాయివాడితో ఉన్నట్టే ఉన్నాడు. ఎంత హాయిగా ఉందో. ఎంత మండిందో కూడా.

మూడో రోజు గవ్వపూసల దండలు ఐదు చేత్తో పట్టుకుని లేచాడు. ఒక్కో దండకి ఒక్కో మనిషి. "మా వాళ్ళు ఐదుగురు మీ దగ్గర ఉన్నారు. తిరిగి ఇవ్వండి." నలుగురి సంగతి తేలింది. ఒకడు వస్తానన్నాడు. ఇద్దరు రామన్నారు. ఒకడు జ్వరంతో పోయాడు.

ఐదో దండ ఎత్తాడు. "వనపాక్. నా చెల్లెలి కొడుకు" అన్నాడు.

ఎవరూ లేవలేదు.

"వనపాక్" అన్నాడు మళ్ళీ. కాస్త గట్టిగా.

అన్నా, నేను పక్కకి తిరిగి చూశాను. ఎవరబ్బా వాడు, పలకడేం అని. నా ఎడమ పక్క చూశాను, వెనక చూశాను. మూడోసారి పిలిచాక వెలిగింది. వనపాక్ అంటే నేనే కదా!

"ఏమంటున్నాడు?" అన్నాడు మన పెద్దాయన.

"వనకాక్ అనేవాడు కావాలంటున్నాడు" అన్నాను. నా పేరులో 'ప' కూడా నా నోటికి రాలేదు చూడు!

"ఎవడు వాడు?"

నిజంగానే తెలియదన్నా ఆయనకి. మన ఊళ్ళో ఎవరికీ తెలియదు. పన్నెండేళ్ళలో ఒక్కరైనా నా పాత పేరు అడిగారా? అడగరు. పేరుంది కదా, ఇంకోటి ఎందుకు? పెద్దాయన మన వాళ్ళందరినీ అడిగాడు. అందరూ తలలు అడ్డంగా ఊపారు. "అలాంటివాడు మా దగ్గర లేడని చెప్పు" అన్నాడు.

చెబితే సరిపోయేది. కానీ లేడంటే వెతుకుతారు. మన చుట్టపు తెగలు సెనెకా వాళ్ళని అడుగుతారు, ఒనైడా వాళ్ళని అడుగుతారు, మళ్ళీ ఏడాది మళ్ళీ దండ పట్టుకుని లేస్తారు. అప్పుడు మళ్ళీ నా చెవి మెలితిరుగుతుంది.

"చచ్చిపోయాడు" అన్నాను మా భాషలో.

"ఎలా?" అన్నాడు మావయ్య.

ఆ ప్రశ్న వస్తుందనుకోలేదు. అప్పటికప్పుడు ఎక్కడి నుంచి తేను? నాకు తెలిసిన చావు ఒక్కటే. "చలికాలం ఏరు దాటుతుంటే మంచు పగిలింది. లోపలికి జారిపోయాడు. వసంతంలో దొరికాడు" అన్నాను. నీ చావన్నా. అడగకుండా వాడుకున్నాను. తిట్టు, పడతాను.

మావయ్య దండ కింద పెట్టి ఏడ్చాడు. అంత పెద్దమనిషి, అందరి ముందూ, భుజాలు కదిలేలా ఏడ్చాడు.

ఇంకేముంది! మన పెద్దాయన సంగతి తెలుసుగా, కన్నీళ్ళు చూస్తే ఆగడు. ఎవరు పోయారో తెలియకపోయినా, దుఃఖంలో ఉన్నవాడితో పని మాట్లాడకూడదని లేచాడు. "మీ కన్నీళ్ళు తుడుస్తున్నాం" అని ఒక దండ. "దుఃఖంతో మూసుకుపోయిన మీ చెవులు తెరుస్తున్నాం" అని ఇంకోటి. "గొంతుకి అడ్డం పడ్డది తీసేస్తున్నాం" అని మరోటి. ప్రతి ముక్కా నేనే చెప్పాలి. "మంచివాడు, ధైర్యవంతుడు, మీ ఇంటి దీపం" అని నా గురించి నేను, నా మేనమామతో, కళ్ళనీళ్ళు ఆపుకుంటూ చెప్పాను. నన్ను ఇంతగా ఎవరూ ఎప్పుడూ పొగడలేదు. చచ్చాక పొగడటం ఇదేనన్నమాట.

దొర అడిగాడు, ఎందుకు ఏడుస్తున్నారని. రైతు చెప్పాడు, ఎవరో పోయారని. దొర లేచి నిలబడ్డాడు. సంతాపంగా టోపీ ఎత్తితే, దానితో పాటు ఆ జుట్టు కూడా కొంచెం పైకి లేచింది! మన కుర్రాళ్ళు ఊపిరి బిగబట్టారు. తర్వాత ఒక ఎర్ర ఉన్ని కోటు తెప్పించి, చచ్చినవాడి ఇంటివాళ్ళకని మావయ్యకి ఇచ్చాడు. నేను బతికుండగా ఒక్క బొత్తాం కూడా ఇచ్చినవాడు లేడు.

ఆ మధ్యాహ్నం రొట్టెలవాడి కొట్టు వెనకాల నీడలో కూర్చున్నాను. చేతిలో తెల్ల రొట్టె ఉంది, నములుతున్నాను. పక్కన ఎవరో వచ్చి కూర్చున్నారు. ఎర్ర కోటు.

"చచ్చినవాడు బాగానే ఒళ్ళు చేశాడే" అన్నాడు మావయ్య.

రొట్టె గొంతులో అడ్డం పడింది. వీపు మీద రెండు చరిచాడు.

"ఎప్పుడు గుర్తుపట్టావు?"

"మొదటి రోజే. నువ్వు గుమ్మంలోంచి వస్తుంటేనే. మీ నాన్న కూడా ఇలాగే బాతులా నడిచేవాడు."

"మరి ఎందుకు ఏడ్చావు? నాటకమా?"

 నా చేతిలో రొట్టె సగం తుంచుకుని నమిలాడు. "నీ పేరు మూడుసార్లు పిలిచాను. పలికితే, ఎలాగైనా తీసుకుపోదామనుకున్నాను. నువ్వు పక్కవాళ్ళ ముఖాలు చూశావు. అప్పుడు వచ్చిందిరా ఏడుపు. నాటకం కాదు" అన్నాడు.

 అమ్మ ఎలా ఉందని అడిగాను. మీ అమ్మ కాదన్నా. మా అమ్మ.

"బాగుంది. చూపు మందగించింది. నోరు తగ్గలేదు."

"ఇప్పుడు నేను వస్తానంటే?"

"రా. ఎవరొద్దన్నారు?" అని చెవి వెనక గోక్కున్నాడు. ఏదో ఉందని అర్థమైంది. "ఒక్కటే చిక్కు. ఇంట్లో వనపాక్ ఉన్నాడు."

"ఎవరు?"

"వనపాక్. మీ అమ్మ కొడుకు. నువ్వు రాకుండా పోయిన మరుసటి ఏడు మీ చుట్టపు తెగ ఒనొండాగా వాడొకడు మాకు దొరికాడు. చంపేద్దామనుకున్నాం. మీ అమ్మ అడ్డం పడి వాణ్ణి ఇంటికి లాక్కుపోయింది. నీ పేరు పెట్టింది. మంచివాడురా. మొన్న వాడి వాళ్ళ దగ్గరికి పంపించేస్తామని అంటే, 'ముసలామెకి కట్టెలు ఎవరు కొడతారు' అన్నాడు. పోనన్నాడు."

 పైగా వాడికీ పెదవులు కలవవట అన్నా! తన పేరు తనే సరిగా పలకలేడట. వనకాక్ అంటాడట, అచ్చం నాలాగే!

"చేపలు మాత్రం నీకంటే బాగా పడతాడు" అన్నాడు మావయ్య. అది చెప్పాలా? నువ్వే చెప్పు, ఆ సమయంలో ఆ మాట అవసరమా?

లేచేముందు అడిగాడు, అమ్మకి ఏమని చెప్పమంటావని. కోటు ఇచ్చి, పోయాడని చెప్పమన్నాను. "ఎవరు పోయారని చెప్పను? వనపాక్ పొయ్యి దగ్గరే ఉన్నాడుగా" అన్నాడు. ఇద్దరం చాలాసేపు నవ్వాం. కళ్ళు తుడుచుకుని వెళ్ళిపోయాడు. కోటు ఆయనకి బాగా నప్పింది. అమ్మదాకా చేరుతుందని నాకు నమ్మకం లేదు.

తిరిగొచ్చాను. మీ అమ్మ ఊరి చుట్టూ ఉన్న కంచె గుమ్మంలో కూర్చుని ఉంది. మేం వెళ్ళిన రోజు నుంచీ అక్కడే కూర్చుందని కహెంతా తర్వాత చెప్పింది. నన్ను చూసి, "కాళ్ళ నిండా బురద. అలాగే లోపలికి రాకు" అంది. అంతే. పన్నెండు మందికి వండిన కుండలో సగం నాకే పెట్టింది.

కథ అయిపోయింది కదా అనుకుంటావు. నేనూ అలాగే అనుకున్నాను.

కానీ ఆ వనకాక్‌గాడు నన్ను వదలట్లేదు అన్నా. గుమ్మడి పాదుకి మట్టి ఎగదోస్తుంటే వాడే. వల సర్దుతుంటే వాడే. మా అమ్మ ఎండు పళ్ళు వేసి రొట్టె కాలుస్తుంది. మాడిన చివరి ముక్క నాది. ఇప్పుడు అది ఎవడు తింటున్నాడు? నేను పగలగొట్టిన వాటికి వాడు చీవాట్లు తింటున్నాడు. అవి నా చీవాట్లు! నావి! వాడెవడు తినడానికి? వాడికి ఆమె మీద కోపం వస్తే ఎక్కడికి పోయి చెప్పుకుంటాడు? నాకక్కడ సమాధి కూడా లేదాయె.

కుళ్ళు అన్నా. ఒప్పుకుంటున్నాను. కడుపు నిండా కుళ్ళు.

మొన్న ఏటి ఒడ్డున నిలబడి వాణ్ణి తిట్టుకుంటుంటే, ఉన్నట్టుండి నువ్వు గుర్తొచ్చావు. పన్నెండేళ్ళుగా ఇక్కడికొచ్చి నీ తల్లి మీద నీకే చాడీలు చెబుతున్నాను. నీ భార్య కుట్టిన చెప్పులు వేసుకొచ్చి నీ ముందే వంకలు పెడుతున్నాను. ఆఖరికి నీ చావు కూడా తీసుకుపోయి ఎవరికో ఇచ్చేశాను. ఒక్కసారైనా అడిగానా, నీకెలా ఉందన్నా అని? నీకు మండదా అన్నా అని?

మండుతుందిలే. ఇప్పుడు నాకు తెలుసు.

ఏం చేస్తాం మరి. మనిద్దరం చచ్చినవాళ్ళం.